లాంగ్‌టాంగ్ లోయ టీహౌస్ ట్రెక్: అమ్మతో వెళ్తున్నాను, మీ సలహా కావాలి

విశాఖ వెన్నెల:
అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో అమ్మతో కలిసి నేపాల్‌లోని లాంగ్‌టాంగ్ వెళ్దామనుకుంటున్నాను. అమ్మకి 58 ఏళ్లు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, కంట్రోల్‌లోనే ఉంది. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకి వెళ్తుంది, పైగా నన్నే "త్వరగా రా" అని తొందరపెడుతుంది. మంచు కొండల్లో మాత్రం ఎప్పుడూ నడవలేదు. ఇద్దరం శాకాహారులం.

ఖాట్మండులో ఒక ఏజెన్సీవాళ్లు ఏడు రోజుల ప్యాకేజీ చెప్పారు. రానూపోనూ బస్సు ప్రయాణం అందులోనే. చెర్కో రి శిఖరం కూడా ఎక్కిస్తారట. ఏడు రోజులు సరిపోతాయా? గైడ్ తప్పనిసరా? తిండి, బాత్రూమ్‌ల సంగతేంటి? అమ్మకి అన్నిటికంటే చివరిదే పెద్ద టెన్షన్.

నల్లమల నడక:
మంచి చోటు ఎంచుకున్నారు వెన్నెల గారూ. ఎవరెస్ట్, అన్నపూర్ణ దారుల కంటే జనం తక్కువ. ఖాట్మండు నుంచి విమానం ఎక్కే పని కూడా లేదు.

ముందు దారి చెప్తాను, రోజుల లెక్క దానంతట అదే తేలుతుంది. ఖాట్మండు నుంచి బస్సులోనో జీపులోనో స్యాబ్రుబేసి చేరాలి. దూరం 120 కిలోమీటర్ల చిల్లరే గానీ ఏడెనిమిది గంటలు పడుతుంది. స్యాబ్రుబేసి ఎత్తు దాదాపు 1,500 మీటర్లు. మర్నాడు లాంగ్‌టాంగ్ ఖోలా, అంటే ఆ ఏరు, పక్కనే అడవిలో నడక. వెదురు, ఓక్, పైకి పోయేకొద్దీ దేవదారు జాతి చెట్లు. ఎదుటి కొండ చరియలకు అడవి తేనెపట్లు వేలాడుతుంటాయి, తల పైకెత్తి చూడండి. కొండముచ్చులు కూడా కనిపిస్తాయి. ఆ రాత్రి లామా హోటల్‌లో బస. పేరు చూసి ఒకే హోటల్ అనుకునేరు, 2,400 మీటర్ల దగ్గర నాలుగైదు టీహౌస్‌లు, అంటే తిండీ గదీ దొరికే చిన్న సత్రాలు, ఉన్న మజిలీ అది. మూడో రోజు ఘోడాతబేలా దగ్గర అడవి పలచబడి లోయ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి లాంగ్‌టాంగ్ ఊరు, 3,430 మీటర్లు. ఆ తర్వాతి రోజు క్యాంజిన్ గోంపా, 3,870 మీటర్లు. అది రెండు మూడు గంటల నడకే, కానీ అసలు కథ అక్కడే.

మీ ఏజెన్సీ లెక్క ప్రకారం క్యాంజిన్‌కి చేరిన మర్నాడే దాదాపు 5,000 మీటర్ల చెర్కో రి ఎక్కి, ఆ మధ్యాహ్నమే కిందికి దిగాలి. అమ్మతో ఆ పని పెట్టుకోకండి. ఇంకో రెండు రోజులు కలపమనండి. ఒకటి లాంగ్‌టాంగ్ ఊళ్లోనో క్యాంజిన్‌లోనో ఊరికే ఉండటానికి, రెండోది బస్సు ఆలస్యానికో వానకో.

ఉప్పల్ ఉస్తాద్:
ఏడు రోజులు బేషుగ్గా సరిపోతాయి. మేం ఫ్రెండ్స్ అంతా అంతకన్నా తక్కువలోనే కొట్టేశాం. గైడ్ లేదు, పోర్టర్ లేడు. దారి ఒకటే, ఏటి పక్కనే పోతే ఊరొస్తుంది. గైడ్‌కి పెట్టే డబ్బుతో ఇంకో ట్రెక్ చేయొచ్చు. ఇక్కడ కొందరు మరీ భయపెడతారు.

పల్స్ చూసే డాక్టర్:
ఉస్తాద్ గారూ, మీ వయసెంతో తెలీదు గానీ, ఎత్తుకి వయసుతోనూ ఫిట్‌నెస్‌తోనూ పెద్దగా పని లేదు. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే పాతికేళ్ల కుర్రాడికి తలనొప్పి, వాంతులు పట్టుకుని, పక్కనే నెమ్మదిగా నడిచిన ముసలాయన హాయిగా ఉండటం మామూలే. కుర్రాళ్లు త్వరగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్లకే ప్రమాదం ఎక్కువ అన్నా తప్పు లేదు.

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరక్కుండా చూసుకోమంటారు. లామా హోటల్ నుంచి లాంగ్‌టాంగ్ ఊరికి ఒకేరోజు వెయ్యి మీటర్లు పెరుగుతుంది, అంటే ఆ రోజే గీత దాటుతున్నట్టు. అందుకే చాలామందికి మొదటి తలనొప్పి ఆ రాత్రే వస్తుంది. మధ్యలో ఘోడాతబేలాలోనో థాంగ్‌శ్యాప్‌లోనో ఆగితే ఇంకా మంచిది.

వెన్నెల గారూ, అమ్మగారి బీపీ మాత్ర మానొద్దు. క్యాంజిన్ ఎత్తులో బీపీ కొంచెం పెరగడం సహజం. వెళ్లే ముందు మీ డాక్టర్‌తో ఈసీజీ, డయామాక్స్ (ఎత్తు పడక వచ్చే జబ్బుకి ముందుజాగ్రత్త మాత్ర) సంగతి మాట్లాడండి. సల్ఫా మందులు పడనివాళ్లు అది వేసుకునే ముందు తప్పకుండా చెప్పాలి. మామూలుగా ఉదయం 125, రాత్రి 125 మిల్లీగ్రాములు ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. అది చూసి కంగారు పడకండి. అలాగని మాత్ర వేసుకున్నాం కదా అని గబగబా ఎక్కేయొద్దు.

ఈ రెండూ మాత్రం గుర్తుంచుకోండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. తిన్నగా గీత మీద మడమకి వేళ్లు ఆనించి నడవలేక తూలిపోతుంటే మెదడు వాస్తోందని. ఏది కనిపించినా రాత్రయినా సరే కిందికి దిగాల్సిందే. "పొద్దున చూద్దాం" అనుకుంటేనే ప్రాణం మీదికొస్తుంది.

విశాఖ వెన్నెల:
చాలా థాంక్స్ డాక్టర్ గారూ, నడక గారూ. రెండు రోజులు పెంచమని అడిగాను, డబ్బు కలిపితే సరేనన్నారు. పల్స్ ఆక్సీమీటర్ తీసుకెళ్లాలా?

పల్స్ చూసే డాక్టర్:
తీసుకెళ్లండి, కానీ దాన్ని చూస్తూ కూర్చోకండి. క్యాంజిన్‌లో ఆరోగ్యవంతులకే 80ల్లో చూపిస్తుంది. చలికి వేళ్లు గడ్డకడితే ఇంకా తప్పుగా చూపిస్తుంది. అమ్మగారి ముఖం చూడండి. తిండి సయించడం లేదా, మాటల్లో తేడా ఉందా, అది చాలు.

ఆవకాయ అత్త:
నాకు అరవై దాటాయమ్మా. మా ఆయనా నేనూ ఆ దారి నడిచొచ్చాం. అమ్మకి నా మాటగా చెప్పు.

గదుల్లో రెండు చెక్క మంచాలు, పరుపు, దిండు, బరువైన రజాయి, అంతే. గోడ అంటే పలక చెక్క, పక్క గదిలో ఎవరు తుమ్మినా మనకి వినిపిస్తుంది. కింద ఊళ్లలో బాత్రూమ్ లోపలే దొరికినా, పైకి పోయేకొద్దీ బయట ఉంటుంది, చాలాచోట్ల మన పద్ధతి లెట్రిన్లే. డ్రమ్ములో నీళ్లు, మగ్గు. తెల్లారుజామున ఆ నీళ్ల మీద పలచటి మంచు పలక కట్టి ఉంటే మగ్గుతో టకటక కొట్టి పగలగొట్టుకోవాలి. నాకైతే మొదటిరోజు నవ్వొచ్చింది, రెండోరోజు ఏడుపొచ్చింది. వేడినీళ్ల స్నానానికి వేరే డబ్బులు. రోజూ స్నానం చేస్తానని అమ్మ పట్టుబట్టకూడదు, తడి తల ఆరదు. తడి టిష్యూలు పెట్టుకోండి, వాడినవి తిరిగి తెచ్చేయండి. తలకి పెట్టుకునే లైటు మర్చిపోవద్దు, రాత్రి లేచినప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

సాయంత్రం అయ్యేసరికి అందరూ హాల్లో పొయ్యి చుట్టూ చేరతారు. మధ్యలో ఇనప పొయ్యి, దాని గొట్టం కప్పులోంచి బయటికి. పైన చెట్లు లేవు కాబట్టి కొన్నిచోట్ల యాక్ పేడ పిడకలు వేస్తారు. పొయ్యి మీద తీగ కట్టి జర్మనీ వాళ్ల సాక్సులూ మన సాక్సులూ పక్కపక్కనే ఆరేస్తారు. ఆ ఇంటి దిదికి, అంటే అక్కకి, నేను చపాతీ ఒత్తి ఇచ్చాను, ఆవిడ నాకు టిబెటన్ రొట్టె చేయడం చూపించింది. మైదా పిండి చేత్తో తట్టి, మధ్యలో కత్తితో రెండు గాట్లు పెట్టి నూనెలో వదులుతుంది. మనం తెచ్చిన ఆవకాయతో తిని చూడండి, ఇంకేం అడగరు.

తిండికి భయం లేదు. దాల్ భాత్ ఒక్కసారి ఆర్డర్ చేస్తే అన్నం, పప్పు, కూర మారు వడ్డిస్తారు. పప్పు మన చారులా పలచగా ఉంటుంది, గుండ్రుక్ అని ఎండబెట్టిన ఆకుకూర పులుసు కూడా పెడతారు. సాయంత్రం గార్లిక్ సూప్ తాగుతారంతా. పైన మాంసం మాత్రం తినేవాళ్లు కూడా మానేస్తే మంచిది, కింద నుంచి రోజులకొద్దీ మోసుకొచ్చేదే.

గోదారి గట్టు:
అత్తగారూ, ఆవకాయ సీసా కారిపోకుండా ఎలా తీసుకెళ్లారు? నాకు ఎయిర్‌పోర్టులో పారేయించారు.

ఆవకాయ అత్త:
చేతి బ్యాగులో పెడితే పారేయించరూ మరి! చెకిన్ బ్యాగులో పెట్టాలి. అడుగు నూనె ఒంపేసి, ముక్క పొడిగా చేసి, రెండు జిప్ కవర్లు, పైన ప్లాస్టిక్ డబ్బా. నల్లకారం, కందిపొడి ఇంకా మేలు.

గోదారి గట్టు:
కరివేపాకు పొడి కూడా చెప్పండి, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

నిర్వాహకులు:
పొడులూ పచ్చళ్ల చర్చకి వంటల విభాగం ఉంది, దయచేసి అక్కడికి పదండి. ఇక్కడ ట్రెక్ గురించే.

ఖాట్మండులో కాకినాడ:
ఉద్యోగరీత్యా ఇక్కడే ఉంటున్నాను. కాగితాల సంగతి నేను చెప్తాను.

మనవాళ్లకి వీసా అక్కర్లేదు. విమానంలో వస్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్‌తో వచ్చి ఎయిర్‌పోర్టులో ఇరుక్కునేవాళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. లాంగ్‌టాంగ్ నేషనల్ పార్క్ ప్రవేశ రుసుము మామూలు విదేశీయులకి 3,000 నేపాలీ రూపాయలు, సార్క్ దేశాలవాళ్లకి 1,500. కౌంటర్లో ఇండియా అని చెప్పి పాస్‌పోర్టు చూపించండి. టిమ్స్ కార్డు, అంటే ట్రెక్కర్ల నమోదు కార్డు, వేరే, అది ఏజెన్సీ వాళ్లే చేయిస్తారు. ధున్చే దగ్గర సైన్యంవాళ్లు బస్సాపి బ్యాగులు చూస్తారు. అనుమతి లేని డ్రోన్ దొరికితే కష్టం.

గైడ్ గురించి: 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కర్లు లైసెన్సున్న గైడ్‌ని తీసుకోవాలని నేపాల్ టూరిజం బోర్డు నిబంధన పెట్టింది. అన్నిచోట్లా ఒకేలా అమలు కావడం లేదు, నిజమే. కానీ ఉస్తాద్ గారిలా "దారి ఒకటే కదా" అనేది నేను ఒప్పుకోను. గైడ్ ఉన్నది దారి చూపించడానికి మాత్రమే కాదు. సీజన్లో గది దొరకనప్పుడు ఫోన్ చేసి ఆపించేది ఆయనే. మీ అమ్మగారికి ఒంట్లో బాగోకపోతే గుర్రాన్ని మాట్లాడి కిందికి దించేదీ ఆయనే. గైడ్ కమ్ పోర్టర్ అని దొరుకుతారు. ఇద్దరి సామాను కలిపి ఓ 15, 18 కిలోల్లో సర్దండి, మోసేదీ మనిషే.

డబ్బు: వంద భారతీయ రూపాయలకు 160 నేపాలీ, ఈ లెక్క 1993 నుంచి మారలేదు. 2024 నుంచి ఖాట్మండులో మన యూపీఐ కూడా చాలా దుకాణాల్లో క్యూఆర్ మీద పనిచేస్తోంది. స్యాబ్రుబేసి దాటాక నోట్లే దిక్కు. అన్నీ ఖాట్మండులోనే మార్చుకుని వెళ్లండి. సిమ్ నేపాల్ టెలికాంది తీసుకోండి. ఇంకొకటి, ఇక్కడి టైము మనకన్నా పావుగంట ముందు. ఏడు గంటల బస్సుకి మన గడియారం చూసుకుని బయల్దేరేవాళ్లున్నారు.

ఉప్పల్ ఉస్తాద్:
సరే, గైడ్ సంగతి వదిలేద్దాం. అక్కడ రూమ్ ఫ్రీగా అడగొచ్చు, ఆ చిట్కా ఎవరూ చెప్పలేదు. రాత్రి, పొద్దున అక్కడే తింటామంటే రూమ్ డబ్బులు తీసుకోరు. మేం పొద్దున బిస్కెట్లతో కానిచ్చి ఇంకా మిగిల్చాం. పైకి పోయేకొద్దీ రేట్లు దారుణం అసలు. ఒక టీకి అంతా?

ఖాట్మండులో కాకినాడ:
తింటామని మాటిచ్చి గది ఫ్రీగా తీసుకుని బిస్కెట్లు తినడమేమిటి బాబూ? గదికి నామమాత్రం డబ్బు తీసుకునేదే తిండి మీద గిట్టుబాటు అవుతుందని. ఊళ్లో అందరి దగ్గరా ఒకే మెనూ, ఒకే ధర, వాళ్ల కమిటీ నిర్ణయిస్తుంది. అక్కడ బేరం ఉండదు. గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా, మీ బీరు సీసా, అన్నీ స్యాబ్రుబేసి నుంచి కంచరగాడిదల మీదో మనిషి వీపు మీదో రావాలి. దారిలో నుదుటికి పట్టీ వేసుకుని ప్లైవుడ్ పలకలు మోసుకెళ్లేవాళ్లు ఎదురవుతారు. వాళ్లని చూశాక టీ ధర ఎందుకంతో అర్థమవుతుంది.

ఉప్పల్ ఉస్తాద్:
బీరు నేనేం తాగలేదు. మిగతాది ఒప్పుకుంటా.

కొత్తగూడెం కొండ:
ఇంత మాట్లాడుకున్నారు, ఎవరూ ఆ ఊరి సంగతి ఎత్తలేదు. వెళ్లేవాళ్లు తెలుసుకుని వెళ్లడం మంచిది.

2015 ఏప్రిల్ 25, మధ్యాహ్నానికి కాస్త ముందు. 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు లాంగ్‌టాంగ్ లిరుంగ్ శిఖరం వాలు నుంచి మంచూ రాయీ కలిసి ఊరి మీద విరుచుకుపడ్డాయి. దానితో వచ్చిన గాలి వేగానికి ఎదుటి కొండ మీది చెట్లు కూడా నేలకూలాయి. ఊరివాళ్లూ ట్రెక్కర్లూ కలిపి మూడొందల పైచిలుకు మంది పోయారు. పాత ఊరంతా పోయి, కొండ బండ చాటున ఉన్న ఒకే ఒక్క ఇల్లు నిలిచింది. అది ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మీరు బస చేసే లాంగ్‌టాంగ్ ఊరు పక్కనే కొత్తగా కట్టుకున్నది. దానికి కాస్త ముందు దారి రాళ్లగుట్టల మీదుగా పోతుంది. నడుస్తుంటే మామూలు కొండచరియలాగే అనిపిస్తుంది, కానీ కిందున్నది ఊరు. అక్కడ కూర్చుని చిప్స్ ప్యాకెట్లు విప్పి సెల్ఫీలు దిగేవాళ్లని చూసి మా గైడ్ తల తిప్పుకున్నాడు, ఆయన బంధువులు అందులోనే ఉన్నారు. పోయినవాళ్ల పేర్లతో స్మారకం కట్టారు, ఆగి చూడండి. మంత్రాలు చెక్కిన మణి గోడలు ఎదురైతే అవి మనకి కుడివైపు ఉండేలా, ఎడమ పక్కనుంచి నడవాలి.

ఆ ఇళ్లలో ఎవర్నీ "ఆ రోజు మీరెక్కడున్నారు" అని అడగకండి. చెప్పాలనిపిస్తే పొయ్యి దగ్గర వాళ్లే చెప్తారు. రెండేళ్లు శిబిరాల్లోనూ బంధువుల ఇళ్లలోనూ ఉండి, మళ్లీ కంచరగాడిదల మీద సిమెంటు తెచ్చుకుని కట్టుకున్న టీహౌస్‌లు అవి. నా లెక్కలో ఆ ఊళ్లో ఒక రాత్రి ఎక్కువుండి, రెండు పూటలు అక్కడే తినడం ఎత్తుకి అలవాటు పడటానికీ మంచిదే, వాళ్లకీ మంచిదే.

బరంపురం బాటసారి:
ఇంత ఎత్తు, ఇంత రిస్క్ ఎందుకండీ? మన దేశంలోనే సందక్‌ఫు ఉందిగా, 3,636 మీటర్లు. ఎవరెస్ట్, కాంచనజంగ రెండూ కనిపిస్తాయి. మానేభంజాంగ్ నుంచి పాత ల్యాండ్ రోవర్‌లు కూడా పైదాకా వెళ్తాయి, అమ్మగారు అలసిపోతే ఎక్కేయొచ్చు.

నల్లమల నడక:
సందక్‌ఫు మంచిదే. కానీ అక్కడ కొండల్ని దూరం నుంచి చూస్తాం, లాంగ్‌టాంగ్‌లో వాటి మధ్య కూర్చుంటాం. జీపు రోడ్డు పక్కన నడక నాకైతే పడదు. ఎవరి ఇష్టం వారిది.

విశాఖ వెన్నెల:
అందరికీ నమస్కారం, వెళ్లొచ్చేశాం! చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, తోచిన వరుసలో రాస్తాను.

బస్సు బదులు షేర్ జీపు తీసుకున్నాం. త్రిశూలి దాటాక రోడ్డు ఎలా ఉందంటే అమ్మ లలితా సహస్రం మొదలుపెట్టి ధున్చే వచ్చేదాకా ఆపలేదు. నడకలో మాత్రం ఆవిడే ముందు. ఇంటికి నీళ్లు తోడుకునే మనిషిలా ఒకే వేగం, పెరగదు, తగ్గదు. గైడ్ తమ్ముడు ఆవిణ్ణి "ఆమా" అని పిలిచాడు, అంతే, వాడికి కందిపొడి అన్నం రోజూ దక్కింది.

లామా హోటల్ దాటాక అడవి నిండా గురాంస్ పూలు. కింద ఎరుపు, పైకి పోయేకొద్దీ గులాబీ రంగు. డాక్టర్ గారు చెప్పినట్టు థాంగ్‌శ్యాప్‌లో ఆగి పడుకున్నాం, మర్నాడు లాంగ్‌టాంగ్ ఊరు. అక్కడ నాకు తల పగిలిపోయేంత నొప్పి, అమ్మకి ఏమీ లేదు! ఇంకో రాత్రి అక్కడే ఉండిపోయాం. మా టీహౌస్ దిది ఆ మధ్యాహ్నం ఎండలో కూర్చుని ఉన్ని వడుకుతూ, మేం అడక్కుండానే, తన కొడుకు అప్పుడు ఖాట్మండులో బడిలో ఉన్నాడు కాబట్టి దక్కాడని చెప్పింది. కొత్తగూడెం గారూ, మీరు ముందే రాసినందుకు థాంక్స్.

క్యాంజిన్‌లో యాక్ చీజ్ ఫ్యాక్టరీ చూశాం. 1950లలో స్విస్ వాళ్ల సాయంతో మొదలైందట. అమ్మ ముక్క నోట్లో వేసుకుని "ఉప్పు తక్కువ" అంది. చెర్కో రి ఎక్కలేదు. క్యాంజిన్ రి మీద మొదటి జెండాల దాకా, సుమారు 4,400 మీటర్లు, ఇద్దరం ఎక్కాం. కింద హిమానీనదం, ఎదురుగా లిరుంగ్. ఏజెన్సీ ఆయన ఫోన్ చేసి "ప్యాకేజీలో ఉంది, ఎక్కకపోతే డబ్బు వాపసు రాదు" అన్నాడు. ఎవరు అడిగారు వాపసు?

ఒక్కసారి భయమేసింది. దిగేటప్పుడు ఇరుకు దారిలో కంచరగాడిదల గుంపు ఎదురొచ్చింది. నేను లోయవైపు జరగబోతే గైడ్ చెయ్యి పట్టి కొండవైపు లాగేశాడు. బస్తాలు తగిలితే అంతే సంగతులు. గంటలు వినపడగానే కొండవైపు గోడకి ఆనుకుని నిలబడాలి, అవి పోయాకే కదలాలి. వంతెన మీద అవి ఉంటే మనం ఎక్కకూడదు.

అమ్మ మోకాళ్లు దిగేటప్పుడు పట్టేశాయి. అలిపిరిలో ఎక్కడమే కదా, దిగేది బస్సులోనే. రెండు కర్రలు లేకపోతే కష్టమయ్యేది.

ఆవకాయ అత్త:
శభాష్ తల్లీ! బాత్రూమ్ సంగతి అమ్మేమంది?

విశాఖ వెన్నెల:
"మా చిన్నప్పుడు చెంబు పట్టుకుని చేలోకి వెళ్లినదానికంటే నయమే" అంది అత్తగారూ. అనవసరంగా నేనే టెన్షన్ పడ్డాను.

నిజాంబాద్ నిదానం:
చాలా పనికొచ్చే చర్చ. డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ కొనాలా, అద్దెకి దొరుకుతాయా? మాకు జూన్ చివర్లోనే సెలవులు, అప్పుడు వెళ్లొచ్చా?

ఖాట్మండులో కాకినాడ:
రెండూ ఖాట్మండులోనే థమేల్ బజారులో అద్దెకి దొరుకుతాయి, జిప్ పైదాకా వేసి తీసి చూసుకుని తీసుకోండి. బూట్లు మాత్రం అద్దెకి వద్దు, ఇంటి దగ్గరే కొని నెల రోజులు తొడిగి నడవండి. జూన్ చివరంటే వానలు. లామా హోటల్ కింద అడవంతా జలగలు, స్యాబ్రుబేసి రోడ్డు మీద చరియలు విరిగి రోజుల తరబడి బళ్లు ఆగిపోతాయి. దసరా సెలవుల్లో వచ్చేట్టయితే చెప్పండి, నేపాల్‌లో అదే పెద్ద పండగ. పండక్కి ముందు బస్సుల్లో సీట్లు దొరకవు, జీపు ముందే మాట్లాడుకోవాలి.